మనంగాడి ప్రసంగం

ముప్పై రెండేళ్లు బడిలో భాష చెప్పి, మరేమీ సాధించకపోయినా 'మేము'కీ 'మనం'కీ తేడా మాత్రం ఈ పేటకి నేర్పానన్న గర్వంతో ఉద్యోగం నుంచి దిగిపోయాను. మనంగాడు వచ్చి మా తలుపు కొట్టేదాకా ఆ గర్వానికి ఢోకా లేకపోయింది.

వాడి అసలు పేరు హాజరు పట్టీలో ఉండేది. దానితో ఎవరికీ పనిపడలేదు. ఆరో తరగతిలో వాడు నాకు ఇచ్చిన సెలవు చీటీయే వాడికి నామకరణం చేసింది. "నిన్న మనకు జ్వరం వచ్చినందువల్ల మనం బడికి రాలేకపోయాం. కావున మనల్ని క్షమించవలెను" అని రాసి, కింద తన సంతకం ఒక్కటే పెట్టాడు. నాకు జ్వరం రాలేదు నాయనా, నేను శుభ్రంగా బడికి వచ్చాను కదా అన్నాను. క్లాసంతా గొల్లుమంది. ఆ రోజు నుంచి వాడు మనంగాడే.

ఎదుటి మనిషిని కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము. ఇంత చిన్న సంగతి వాడి బుర్రకెక్కించడానికి నాకు ఏడాది పట్టింది. బెంచీ ఎక్కించాను. వందసార్లు రాయించాను. చివరికి అది ఎంత బాగా ఎక్కిందంటే, నేను కనబడితే చాలు వాడి గొంతులో 'మనం' అడ్డంపడేది. బడి వదిలే నాటికి నా ఎదుట ఆ మాట వాడటమే మానుకున్నాడు. దాన్ని కూడా నేను నా ఘనతల్లోనే వేసుకున్నాను.

ఇప్పుడు మనంగాడికి నలభై ఏళ్లు. బజారు చివర సిమెంటు, ఇనుము అమ్మే కొట్టు ఉంది. పొట్ట ఉంది. పొట్ట వచ్చాక ప్రజాసేవ చేయాలన్న కోరిక కూడా వచ్చింది. వార్డు సభ్యుడిగా నిలబడుతున్నాడు. ఇప్పుడున్న సభ్యుడు రెండుసార్లు గెలిచి, రెండుసార్లూ ఏమీ చేయకపోయినా మాట మాత్రం అద్భుతంగా మాట్లాడతాడు. ఆయనకు దీటుగా మాట్లాడాలంటే తనవల్ల కాదని, ప్రసంగం నేనే రాసిపెట్టాలని మనంగాడు అడిగాడు. ఆ మాట అడగడానికి వాడు మా ఇంటి ముందున్న మురుగు కాలవని ఒక్క గెంతు గెంతి వచ్చాడు. గెంతేటప్పుడు తెల్ల ప్యాంటు మీద రెండు చుక్కలు పడ్డాయి. ఆ రెండు చుక్కల వంకే చూస్తూ నేను వాడి మాటలు విన్నాను.

ఎందుకంటే ఆ కాలవే మా ఇంటికి పట్టిన శని. మూడడుగుల వెడల్పు, మనిషి నడుము లోతు. కాళ్లున్నవాళ్లం గెంతుతాం. మా అక్క గెంతలేదు. వెన్నులో జబ్బు చేసి దాని కాళ్లు పడిపోయి ఎనిమిదేళ్లయింది. చక్రాల కుర్చీలోనే కూర్చుని కుట్టుమిషను చేత్తో తిప్పుతూ వీధి వీధంతటికీ బట్టలు కుడుతుంది. ఇదివరకు కాలవ మీద ఒక చెక్క ఉండేది. పద్నాలుగు నెలల కిందట అది పుచ్చి విరిగి, కుర్చీ ముందు చక్రంతో సహా అక్క కాలవలోకి ఒరిగింది. పక్కింటి తాపీమేస్త్రి పరుగున వచ్చి లేపకపోతే ఏమయ్యేదో తలుచుకోవడానికే నాకు భయం. ఆ రోజు నుంచి అక్క గడప దాటలేదు.

ఇంకో చెక్క వేసుకోవచ్చు కదా అని మీరు అడుగుతారు. కాలవ గట్లు రెండువైపులా విరిగిపోయాయి, చెక్క ఆనడానికి చోటు లేదు. గట్టు కట్టి సిమెంటు పలక వేయాలని మేస్త్రి మొదటి రోజే చెప్పాడు. వేయబోతే వార్డు ఆఫీసువాళ్లు వచ్చి, కాలవ ప్రభుత్వానిది, ముట్టుకుంటే కేసు పెడతామన్నారు. మీరే వేయండి మహాప్రభో అని నాలుగు అర్జీలు పెట్టాను. నాలుగూ నేనే రాశాను, ఒకదాన్ని మించి ఒకటి కళ్లకద్దుకునేలా. నాలుగోదాని సంగతి కనుక్కోవడానికి వెళితే, చాలా బాగా రాశారండీ, మా పిల్లలకు చూపించడానికి ఇంటికి పట్టుకెళ్లాను అన్నాడు గుమాస్తా.

అక్క బాధ గడప దాటలేకపోవడం మాత్రమే కాదు. దారాలు. గుడ్డ రంగుకి దారం రంగు కలపడంలో దానికున్న కన్ను ఈ బజారులో ఎవరికీ లేదు. ఆ కన్ను ఇప్పుడు ఇంట్లో కూర్చుంది, బజారుకు వెళ్లేది నేను. నాకు ఆకుపచ్చ అంటే ఒకటే, అక్కకు పదిహేడు. తెచ్చిన రీలుని వెలుగులో పెట్టి చూసి, నాకు బాధ కలగకుండా, పరవాలేదులే అంటుంది. ఆ పరవాలేదులే విన్నప్పుడల్లా నాకు చచ్చిపోవాలనిపించేది.

అందుకని మనంగాడితో బేరం పెట్టాను. ప్రసంగం రాస్తాను, అందులో మూడో వీధి కాలవ మీద పలకల మాట ఉండాలి. వాడు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పెట్టండి టీచరుగారూ, పెట్టడానికేం అన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు నేను సంతోషించాను కానీ అనుమానపడలేదు. అక్షరం మీద తప్ప దేనిమీదా అనుమానపడటం నాకు అలవాటు లేదు.

మొదటి ప్రతిలో ఆ మాట ఇలా రాశాను: "గెలిచిన నెలలోపు మూడో వీధి కాలవ మీద నేను సిమెంటు పలకలు వేయిస్తాను." అక్క దాన్ని రెండుసార్లు చదివించుకుంది. తారీకు కూడా వెయ్యవే అంది. ప్రసంగాల్లో తారీకులు వెయ్యరు, అది కరెంటు బిల్లు కాదు అన్నాను. నవ్వుకుంటూ మిషను తిప్పుకుంది. ఆ సాయంత్రం అది బయటికి వేసుకెళ్లే బట్టలు తీసి, నడుము దగ్గర ఒక అంగుళం లోపలికి కుట్టుకోవడం నేను చూశాను.

తర్వాత తొమ్మిది రోజులు మా ముందుగదిలో తాలీము నడిచింది. మనంగాడు నా వాక్యాల్ని లారీలోంచి బస్తాలు దింపినట్టు ఒక్కొక్కటే ధన్‌మని దింపేవాడు. మెల్లగా దారిలో పెట్టాను. అవునని తప్ప మరో జవాబు రాని ప్రశ్నే జనాన్ని అడగాలని చెప్పాను. ఏ మాటైనా మూడుసార్లు చెబితే నిజమైపోతుందని చెప్పాను. చివరి మాటకి ముందు ఆగాలి, ఎంతసేపంటే జనం దాన్ని తమ నోట్లో అనుకునేంతసేపు, అప్పుడు మనం పైకి అంటే అది వాళ్ల మాటే అయిపోతుంది అని చెప్పాను. ఇవన్నీ పిల్లలకు వ్యాసరచనలో నేర్పిన విద్యలే. పెద్దవాళ్ల మీద ఇంకా బాగా పనిచేస్తాయని నాకు అప్పుడే తెలిసింది.

అన్నింటికన్నా ముఖ్యమైనది 'మనం'. ఎన్నికల ప్రసంగానికి ఊపిరి ఆ మాటే. మన వీధి, మన కాలవ, మన పిల్లలు అంటుంటే సిమెంటు కొట్టువాడు కూడా సొంత మేనమామలా కనబడతాడు. కానీ మనంగాడికి ఆ ఒక్క మాటే రాలేదు. నా ముఖం చూడగానే నాలుక మడతపడి, మేము అనేవాడు. పాపం, తప్పు నాదే కదా. చివరికి నేను కుర్చీ తిప్పుకుని గోడకేసి కూర్చున్నాను. అప్పుడు వాడి నోట మనం ధారాళంగా వచ్చింది. అలా ఐదు రోజులు నేను గోడకు పాఠం చెప్పాను.

ఏడో రోజున ఒక చిక్కొచ్చింది. మన వీధి, మన కాలవ, మన దోమలు, మన జ్వరాలు అని అంత బాగా సాగివచ్చిన వాక్యాల చివర, "నేను వేయిస్తాను" అన్నది పంటి కింద రాయిలా తగిలింది. మూడుసార్లు చదివించి చూశాను. మూడుసార్లూ తగిలింది. ఊపు పోతోంది. కలం తీసుకుని దాన్ని కొట్టేసి, పైన ఇలా రాశాను: "మన కాలవ మీద, మన పలకలు, మనమే వేసుకుందాం." చదవగానే నాకే ఒళ్లు గగుర్పొడిచింది. మనంగాడు కూడా దాన్ని అందుకోగానే గొంతు పెంచాడు.

అక్క మిషను ఆపింది. వేయిస్తానన్న మాట తీసేశావా అని అడిగింది. తీసెయ్యలేదు, మెరుగుపరిచాను అన్నాను. ఇలాగైతే చప్పట్లు పడతాయి అని కూడా అన్నాను. అది దారం పంటితో తెంపింది.

సభ ఆదివారం మధ్యాహ్నం నాలుగింటికి, మా వీధి మొగలోనే. మనంగాడి సొంత లారీయే వేదిక. వెనక తలుపు దింపి, మీద ఒక గుడ్డ పరిచి, మైకు పెట్టారు. ఎంత తుడిచినా సిమెంటు ధూళి పోక, ఎక్కినవాళ్లంతా పాదాల దాకా బూడిద రంగులోకి మారారు. నాకు ముందు వరసలో కుర్చీ వేశారు. అది పెద్ద పొరపాటని తర్వాత తెలిసింది.

మొదట్లో బాగానే నడిచింది. ఈ వీధిలో గెంతుతున్నది ఎవరు అని అడిగాడు. మనమే అన్నారు జనం. ఈ దోమలు కుడుతున్నది ఎవర్ని అన్నాడు. మమ్మల్నే అని ఎవరో, మనల్నే అని మిగతావాళ్లూ అన్నారు. పిల్లాడి చెయ్యి పట్టుకుని నడిపించినట్టు నేను లోలోపల ఒక్కొక్క మాట అందిస్తున్నాను. అంతలో వాడు గాలి పీల్చుకుని కిందికి చూశాడు. కళ్లు నా కళ్లలో పడ్డాయి.

"ఈ మురుగు మనది..." అన్నాడు. ఆగాడు. ముఖంలో ఆరో తరగతి కనబడింది. "కాదు, మీది" అని దిద్దుకున్నాడు.

జనం నవ్వారు. వాడు ఇంకా కంగారుపడి, వచ్చే అభివృద్ధి మనది, కాదు, మాది అన్నాడు. ఈసారి ఈలలు కూడా పడ్డాయి. రెండుసార్లు గెలిచినవాడు కూడా ఇంత నిజం చెప్పలేదు అని నా వెనక ఎవరో అన్నారు. నేను తల దించుకుని, మెల్లగా లేచి, మనిషెత్తు స్పీకరు పెట్టె వెనక్కి పోయి నిలబడ్డాను. నేను కనుమరుగైన మరుక్షణం మనంగాడికి రెక్కలొచ్చాయి.

ఆ తర్వాత వాడు మాట్లాడిన తీరు నేను ఎప్పటికీ మరిచిపోను. మన కాలవ మీద, అన్నాడు. మన పలకలు, అన్నాడు. నేను చెప్పినంతసేపు ఆగాడు, ఇంకొంచెం ఎక్కువే ఆగాడు. మనమే వేసుకుందాం అని వాడు అనేలోపే వేసుకుందాం అని వీధి వీధంతా అరిచింది. ఐదుసార్లు అనిపించాడు. స్పీకరు పెట్టె నా చెవి పక్కనే అదురుతోంది. ముప్పై రెండేళ్లలో నా పాఠానికి ఒక్క పిల్లాడూ చప్పట్లు కొట్టలేదు. అన్నీ కలిపి ఇప్పుడు కొడుతున్నారనిపించింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మా కిటికీ వైపు చూస్తే, అక్క కూడా రెండు చేతులూ బయటికి చాపి చప్పట్లు కొడుతోంది.

మనంగాడు బ్రహ్మాండంగా గెలిచాడు. రాసిచ్చినదాని వల్ల గెలిచాడని నేను అనుకున్నాను. నోరు జారినదాని వల్ల గెలిచాడని పేట అనుకుంది. మురుగు మీది, అభివృద్ధి మాది అన్న మాట పేటంతా చెప్పుకుని చెప్పుకుని నవ్వింది. అబద్ధం చెప్పడం చేతకానివాడు, పాపం, వీడికే వేద్దాం అనుకున్నారట. నా వాక్యాల గొప్పతనం గురించి ఎవరూ ఒక్క ముక్క అనలేదు. ఆ రోజు నుంచి మనంగాడు మనంగారయ్యాడు.

ఒక నెల గడిచింది. గెలిచిన హడావుడిలో ఉంటాడులే అంది అక్క. రెండో నెల గడిచింది. బజారులో కొత్త దారాలు వచ్చాయట, నేనే వెళ్లి చూస్తాలే, నువ్వు తీసుకురాకు అంది. ఒక పెళ్లికూతురి బట్టలు ఒప్పుకుని, దారం కొనకుండా అలాగే ఆపి ఉంచింది. గుడ్డ మిషను మీద మడతపెట్టి ఉండేది. రోజూ దాని పక్కనుంచి నడుస్తుంటే నాకు ఒళ్లు మండేది. మూడో నెల మొదట్లో నేను వార్డు ఆఫీసుకు వెళ్లాను.

గదిలో పాత సభ్యుడి క్యాలెండరు ఇంకా గోడకే ఉంది. కొత్త సభ్యుడి కుర్చీ మాత్రం కొత్తది, ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. మనంగాడు లేచి నిలబడి, నన్ను కూర్చోబెట్టి, తనూ కూర్చున్నాడు. కవరు కిర్రుమంది. నన్ను చూసి తడబడతాడేమో అనుకున్నాను. తడబడలేదు. అక్కగారి ఆరోగ్యం ఎలా ఉందని నిలకడగా అడిగాడు. ఆరోగ్యానికేం, పలకలే రాలేదు అన్నాను.

"ఏ పలకలు టీచరుగారూ?"

ఏ పలకలో చెప్పాను. ఏ సభలో, ఏ వాక్యంలోనో కూడా చెప్పాను. వాడు ఓపిగ్గా విని, జేబులోంచి ఫోను తీసి, ఆ రోజు సభ వీడియో పెట్టాడు. వాడి గొంతు, తర్వాత జనం గొంతు గదంతా నిండాయి. మనమే వేసుకుందాం దగ్గర ఆపాడు.

"ఇందులో వేయిస్తానని నేను అనలేదు కదండీ. వేసుకుందాం అన్నాను. ఎదుటివాళ్లని కలుపుకుంటేనే మనం అని మీరేగా వందసార్లు రాయించింది. కలుపుకున్నాను. ఎప్పుడు మొదలుపెడతారా అని అప్పటినుంచీ మీ వీధి వైపే చూస్తున్నాను."

వాడు వెటకారంగా అనలేదు. అదే నన్ను చంపేసింది. నిజంగానే అనుకుంటున్నాడు. నేను ఆ వాక్యాన్ని మనసులో అటు తిప్పి ఇటు తిప్పి చూశాను. కర్త ఉంది, కర్మ ఉంది, క్రియ ఉంది. తనకోసం తాను చేసుకునే పనికే 'వేసుకుందాం'లో ఉన్న ఆ 'కొను' వస్తుందని నేనే బోర్డు మీద రాశాను. ఎర్ర సిరా పెట్టడానికి ఎక్కడా చోటు లేదు. మరి ఆఫీసువాళ్లు కేసు పెడతామన్నారే అని అడిగాను. మీరు వేసుకుంటే ఎవరూ అడ్డురారు, నేను చెబుతాను కదా అన్నాడు. సిమెంటు కావాలంటే మన కొట్టుకే రమ్మన్నాడు. ఆ 'మన'లో నాకు వాటా లేదని అడక్కుండానే తెలిసింది.

ఇంటికి వచ్చి అక్కకు ఉన్నదున్నట్టు చెప్పాను. మొదట వాణ్ణి తిట్టాను. దొంగవెధవ అన్నాను, కృతఘ్నుడు అన్నాను, నా చేతులారా నేర్పిన విద్య నా మీదే ప్రయోగించాడు అన్నాను. అక్క విన్నంతసేపూ మడతపెట్టిన గుడ్డ అంచుని వేళ్లతో సవరిస్తూ ఉంది. అంతా అయ్యాక తలెత్తింది.

"వేయిస్తానని ఉన్నదాన్ని కొట్టేసింది వాడు కాదు కదే. నువ్వది నా కోసం రాశావా, చప్పట్ల కోసం రాశావా?"

స్పీకరు పెట్టె వెనక నిలబడి కళ్లు తుడుచుకున్న నన్ను నేనే తలుచుకుని సిగ్గుతో చచ్చిపోయాను. సభ రోజున నేను అక్క ముఖం కూడా సరిగ్గా చూడలేదు.

మర్నాడు పొద్దున్నే పక్కింటి మేస్త్రిని పిలిచి సంగతంతా చెప్పాను. ఆయన నాలా వాక్యాన్ని విడగొట్టి చూడలేదు. ఎవరూ అడ్డురారన్నాడా, అయితే ఇంకేం టీచరమ్మా అన్నాడు. పాత పనిలో మిగిలిన ఊచలు ఆయన దగ్గర ఉన్నాయి. ఎదురింటివాళ్లు గోడ కట్టగా మిగిలిన ఇసుక ఇచ్చారు. ఒకరు కంకర, ఒకరు బస్తాన్నర సిమెంటు ఇచ్చారు. మనంగాడి ప్రసంగానికి గొంతు చించుకుని అరిచినవాళ్లలో పదకొండుమంది వచ్చారు. మిగతావాళ్లు వేసుకుందాం అన్నారు కానీ ఈ ఆదివారం అనలేదు కదా.

గట్లు కట్టడానికి రెండు రోజులు, పలక పోయడానికి ఒక పూట పట్టింది. నేను తట్టలతో కంకర మోశాను. మూడో తట్టకే నడుము పట్టేసింది, అయినా మానలేదు. ఎవరైనా ఏమైనా అడిగితే తట్ట చూపించాను. పోశాక పన్నెండు రోజులు గోనెపట్టాలు కప్పి, పూటకి నాలుగు బిందెల నీళ్లు పోస్తూ తడపాలన్నాడు మేస్త్రి. ఆ పని నేను ఇంకెవరికీ ఇవ్వలేదు. అక్క కిటికీలోంచి చూస్తూ ఈ మూల ఆరిపోయిందే అనేది, నేను పోసేదాన్ని. మా ఇద్దరి మధ్యా ఆ పన్నెండు రోజులూ అంతకు మించి మాటల్లేవు.

పదమూడో రోజు పొద్దున తొమ్మిదింటికి మేస్త్రి పలక కింద ఆనించిన చెక్కలు విప్పాడు. పలక మీద ఎక్కి నాలుగుసార్లు ఎగిరి చూసి, ఇక తీసుకురండి అక్కగారిని అన్నాడు. నేను లోపలికి వెళ్లేసరికి అక్క ముస్తాబై ఉంది. అంగుళం లోపలికి కుట్టుకున్న ఆ బట్టలే వేసుకుంది. ఒళ్లో పెళ్లికూతురి గుడ్డ ముక్క, దాని మీద కత్తెర ఉన్నాయి. కుర్చీ గుమ్మం దాకా తోసుకొచ్చి చూద్దును కదా, పలకకి అవతల లారీ ఆగి ఉంది.

వార్త ఎలా చేరిందో నాకు తెలియదు. ఫోటో తీసేవాడు వచ్చాడు, మైకు వచ్చింది, పలకకి అడ్డంగా ఎర్ర రిబ్బను కూడా వచ్చేసింది. చూస్తుండగానే వీధి నిండిపోయింది. కంకర మోసిన పదకొండుమంది వెనక్కి పోయి, మోయనివాళ్లు ముందుకొచ్చి నిలబడ్డారు. మధ్యలో మనంగాడు. చేతిలో కాగితం లేదు. నేను ఎదురుగానే ఉన్నాను, వాడి కళ్లు నా కళ్లలో పడ్డాయి. ఈసారి తొణకలేదు.

"పద్నాలుగు నెలలు, కాదు, పదిహేడు నెలలు ఒక తల్లి ఈ గడప దాటలేదు. ఈ వీధి మొగలోనే నిలబడి మాట అనుకున్నాం. పలక వెయ్యాలనుకున్నాం." ఆగాడు. నేను నేర్పినంతసేపూ ఆగాడు. "వేశాం."

మేము వేశాం అనలేదు, అంటే అబద్ధమయ్యేది. మనం వేశాం అనలేదు, అంటే నువ్వెక్కడ వేశావని మేస్త్రి అడిగేవాడు. కర్తని మింగేసి ఒట్టి క్రియ వదిలాడు. 'వేశాం'లో మేమూ పడతాం, మనమూ పడతాం, తట్ట ముట్టనివాడూ పడతాడు. మా భాషలో ఇంత సుఖమైన సందు ఒకటుందని ముప్పై రెండేళ్లు చెప్పిన నాకే తట్టలేదు. వీధి చప్పట్లతో మోగిపోయింది.

అక్క నా వైపు చూస్తోంది. ముఖం వైపు కాదు, చేతుల వైపు. అప్పుడు చూసుకున్నాను. నేను కూడా కొడుతున్నాను.

"కొట్టు, కొట్టు. బాగానే చెప్పాడు" అంది. దాని గొంతులో కోపం లేదు.

రిబ్బను కత్తిరించడానికి కత్తెర ఏదిరా అని మనంగాడు మనుషుల్ని అడుగుతున్నాడు. ఎవరూ తేలేదు. అక్క కుర్చీ చక్రాలు తనే తిప్పుకుంటూ పలక మీదికి వెళ్లింది. మోకాళ్లకి రిబ్బను తగిలింది. ఒళ్లోంచి కత్తెర తీసి, మిగిలిన దారం కత్తిరించినంత మామూలుగా దాన్ని కత్తిరించింది. ఫోటో తీసేవాడు ఒక్క నిమిషం, ఇటు చూడండమ్మా అన్నాడు. అక్క చూడలేదు. మనంగాడు మైకు దాని నోటి దగ్గర పెట్టి, పలక ఎలా ఉందమ్మా, రెండు మాటలు చెప్పండి అన్నాడు.

"కొంచెం పక్కకి జరుగు నాయనా" అంది అక్క మైకులో.

వీధంతా వినబడింది. మనంగాడు జరిగాడు. వాడితోపాటు జనం కూడా జరిగారు. నేను తేరుకుని, కుర్చీ పట్టుకుందామని గబగబా పలక దాటాను. అక్క వెనక్కి తిరగకుండానే చెయ్యి అడ్డంపెట్టి ఆపింది.

"నువ్వు రావొద్దు. రంగు నేనే చూసుకుంటాను."

కుర్చీ బజారు వైపు మలుపు తిరిగింది. మైకులో మనంగాడు మళ్లీ అందుకున్నాడు. నేను పలక చివర నిలబడి, రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాను.